హైఫా రేవు: కార్మెల్ కొండ చాటున వందేళ్ల కథ

తీరరేఖ:
మధ్యధరా సముద్రపు రేవుల గురించి ఇక్కడ ఇదివరకు పోర్ట్ సయీద్, మాల్టా మీద మంచి చర్చలు జరిగాయి. హైఫా మీద మాత్రం విడిగా ఏమీ కనబడలేదు. అదానీ కొన్నారనీ, క్షిపణులు పడ్డాయనీ వార్తల్లో పేరు వింటున్నాం కానీ, అసలు ఆ రేవు అక్కడ ఎందుకు పుట్టింది, దానికోసం అందరూ ఎందుకు పోటీ పడ్డారు అన్నది తెలుగులో ఎవరూ వివరంగా రాయలేదు. అందుకే మొదలుపెడుతున్నాను.

ముందు భూగోళం. ఇజ్రాయెల్ తీరం దాదాపు అంతా తిన్నగా, ఇసుకమేటలతో ఉంటుంది. ఓడ తలదాచుకోవడానికి చోటు ఉండదు. ఒక్క హైఫా దగ్గర కార్మెల్ కొండ సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చి, దాని వెనక ఒక అఖాతం ఏర్పడింది. నైరుతి నుంచి వచ్చే శీతాకాలపు తుఫానులకు కొండే అడ్డు. అఖాతానికి దక్షిణపు కొసన హైఫా, ఉత్తరపు కొసన అక్కా (ఏకర్) అనే పాత రేవుపట్టణం.

శతాబ్దాల పాటు పెద్ద రేవు అక్కాయే. హైఫా చిన్న ఊరు. 1760లలో గలిలీ ప్రాంతాన్ని ఏలిన జాహిర్ అల్ ఉమర్ పాత ఊరిని పడగొట్టించి, కొంచెం తూర్పుగా ప్రాకారంతో కొత్త హైఫా కట్టించాడు. 1868లో టెంప్లర్లు అనే జర్మన్ క్రైస్తవ శాఖవాళ్లు వచ్చి స్థిరపడ్డారు. ఆవిరి ఓడలు పెద్దవయ్యేకొద్దీ ఇసుక మేట వేసిన అక్కా వెనకబడింది, లోతున్న హైఫా ముందుకొచ్చింది. అయినా 1905 దాకా అది ఒక మాదిరి రేవే. ఆ ఏడాది రైలు వచ్చింది.

నా వాదన ఒకటే. హైఫా బలం నీళ్లలో కంటే నేల మీద ఉంది. ఎప్పుడు లోతట్టు దేశాలతో దారి కలిస్తే అప్పుడు అది పెరిగింది, దారి తెగితే కుంచించుకుపోయింది. మీ అభిప్రాయాలు చెప్పండి.

—

పట్టాలమనిషి:
రైలు మాట ఎత్తారు కాబట్టి ఆగలేను.

1905లో వచ్చింది హిజాజ్ రైల్వే శాఖ. దమాస్కస్ నుంచి మదీనా వెళ్లే ప్రధాన లైనుకు సిరియాలోని దెరా దగ్గర కలుస్తుంది. గేజు, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1050 మిల్లీమీటర్లు, మన మీటర్ గేజు కంటే కాస్త వెడల్పు. అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న ఒట్టోమన్ తుర్కులు ఈ శాఖ వేయడానికి కారణం ఉంది. బేరూత్ నుంచి దమాస్కస్ వెళ్లే లైను ఫ్రెంచి కంపెనీ చేతిలో ఉండేది. ప్రధాన లైనుకు కావలసిన పట్టాలు, ఇంజన్లు వాళ్ల మీద ఆధారపడకుండా తెచ్చుకోవడానికి సొంత రేవు కావాలి. అలా హైఫా ఎన్నికైంది. హౌరాన్ మైదానంలో పండిన గోధుమ ఈ దారినే సముద్రానికి వచ్చేది.

తర్వాత మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఈజిప్టు నుంచి వేసుకుంటూ వచ్చిన స్టాండర్డ్ గేజు లైను కూడా హైఫా చేరింది. 1942లో రెండో యుద్ధం కోసం హైఫా నుంచి బేరూత్ మీదుగా లెబనాన్‌లోని ట్రిపోలీకి ఇంకో లైను. రోష్ హనిక్రా దగ్గర సున్నపురాయి కొండను తొలిచి సొరంగాలు వేశారు. అంటే 1942 నాటికి కైరో నుంచి బేరూత్ దాకా పట్టాలు ఉన్నాయి, మధ్యలో హైఫా జంక్షన్. ఈనాడు ఆ పటం చూస్తే నమ్మబుద్ధి కాదు.

1946 జూన్‌లో హగానా (యూదుల రహస్య సాయుధ సంస్థ) దళాలు ఒకే రాత్రి సరిహద్దు వంతెనలు పేల్చేశాయి. యార్ముక్ నది మీద రైలు వంతెన అప్పుడే పోయింది, దెరా లైను తెగింది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడి యుద్ధం వచ్చినప్పుడు బేరూత్ లైను కూడా తెగింది. ఆ రెండూ మళ్లీ కలవలేదు.

—

గోల్కొండ_గుర్రం:
తీరరేఖ గారూ, హైఫా అనగానే మా హైదరాబాద్ వాళ్లకు గుర్తుకు రావలసింది 1918 సెప్టెంబర్ 23. దీన్ని వదిలేస్తే చర్చ పూర్తి కాదు.

పదిహేనో ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడ్‌లో హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ లాన్సర్లు, అంటే ఈటెల రౌతులు, ఉండేవారు. ఇవి బ్రిటిష్ ఇండియా సైన్యం కాదు, సంస్థానాల సొంత దళాలు. ఆ బ్రిగేడ్ 1915లో సూయజ్ కాలువను కాపాడింది. 1918లో బ్రిటిష్ సేనాపతి అల్లెన్‌బీ దమాస్కస్ వైపు దూసుకుపోతుంటే సైన్యానికి తిండి, మందుగుండు అందించడానికి ఒక రేవు కావలసి వచ్చింది. దగ్గర్లో ఉన్నది హైఫా.

కొండ మీద తుర్కుల ఫిరంగులు, మెషిన్ గన్లు. ఒక పక్క కార్మెల్ వాలు, ఇంకో పక్క కిషోన్ వాగు, దాని గట్టున ఊబి. మధ్యలో ఇరుకు దారి. మైసూర్ దళం కొండ మీది ఫిరంగుల వైపు వెళ్లింది. జోధ్‌పూర్ దళం ఈటెలతో ఊళ్లోకే దూకింది. మేజర్ దల్పత్ సింగ్ అక్కడే నేలకొరిగాడు. మన వైపు 8 మంది చనిపోయారు, 34 మంది గాయపడ్డారు. 60 గుర్రాలు పోయాయి. 1,350 మంది శత్రుసైనికులు పట్టుబడ్డారు. మెషిన్ గన్ల ఎదుటికి గుర్రాల మీద వెళ్లి ఊరు గెలవడం ఆ యుద్ధంలో చాలా అరుదు.

ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర ఉన్న మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాలవి. 1922లో నెలకొల్పారు. 2018 జనవరిలో ఆ కూడలికి తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టారు.

—

చిత్తూరు_చిన్నోడు:
అన్నా, హైదరాబాద్ లాన్సర్లు కూడా ఆ దాడిలో ఉన్నారా? వాట్సాప్‌లో వచ్చేవన్నీ "నిజాం సైన్యం హైఫా గెలిచింది" అంటున్నాయి.

—

గోల్కొండ_గుర్రం:
తమ్ముడూ, హైఫా మీద దూకినవి జోధ్‌పూర్, మైసూర్ దళాలే. హైదరాబాద్ దళం అదే బ్రిగేడ్‌లోది. ఆ దండయాత్రలో పాల్గొంది, సూయజ్ దగ్గరి నుంచి సినాయ్ దాటి అంతదూరం వచ్చింది. కానీ ఆ రోజు హైఫా దాడి మాత్రం దానిది కాదు. మూడో విగ్రహం బ్రిగేడ్ మొత్తం సేవకు గుర్తు. నాలుగేళ్లు ఎడారిలో కాపలా కాసిన మనుషుల గౌరవం నిలబెట్టడానికి వాళ్లు చెయ్యనిది అంటగట్టనక్కర్లేదు.

—

విశాఖ_గట్టు:
నేను పోర్టు పనుల్లోనే బతికినవాణ్ణి. కాబట్టి కట్టడం సంగతి నేను చెబుతాను.

యుద్ధం తర్వాత ఆ ప్రాంతం బ్రిటిష్ ఏలుబడిలోకి వచ్చింది. వాళ్లు 1929లో పని మొదలుపెట్టి 1933 అక్టోబర్ 31న హైఫా ఆధునిక హార్బర్ తెరిచారు. అదే నెల 7వ తేదీన మన విశాఖ ఇన్నర్ హార్బర్‌లోకి మొదటి ఓడ జలదుర్గ వచ్చింది. మన పోర్టుకు అధికారిక ప్రారంభం డిసెంబర్ 19న జరిగింది. ఒకే సామ్రాజ్యం, ఒకే ఏడాది, రెండు రేవులు. రెండు చోట్లా దక్షిణాన కొండే కాపు. ఇక్కడ డాల్ఫిన్స్ నోస్, అక్కడ కార్మెల్.

రెండింటి బాధా ఒకటే, ఇసుక. మన తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దాన్ని ఆపడానికే ఆ రోజుల్లో జానస్, వెల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడలను ముంచి గట్టు చేశారు. హైఫాకు వచ్చే ఇసుక ఎక్కడిదో తెలుసా? నైలు నదిది. ఈజిప్టు డెల్టా దగ్గర సముద్రంలో పడిన ఇసుక సినాయ్, గాజా, యాఫా తీరాల వెంట నడిచి నడిచి చివరికి హైఫా అఖాతంలో ఆగుతుంది. ఆ ప్రవాహానికి అదే ఆఖరి మజిలీ.

హైఫా ప్రధాన బ్రేక్‌వాటర్, అంటే అలలను ఆపే గట్టు, రెండు కిలోమీటర్లకు పైగా పొడవు. దానికి రాయి దక్షిణాన ఉన్న అత్‌లీత్ క్వారీల నుంచి రైల్లో తెచ్చారు. ఓడల దారి కోసం తవ్విన ఇసుకను పారేయకుండా తీరాన్నే పూడ్చి కొత్త నేల చేశారు. ఆ నేల మీద కింగ్స్‌వే అని వీధి వేశారు, ఇప్పుడు దాన్ని హఅత్స్‌మావుత్, అంటే స్వాతంత్ర్య వీధి అంటారు. ఊరి పాత ఒడ్డు ఇప్పుడు ఊరి మధ్యలో ఉందన్నమాట.

ఇంకో విషయం. మధ్యధరాలో పోటుపాట్లు చాలా తక్కువ, నీటిమట్టం అర మీటరు కూడా మారదు. కాబట్టి ఓడలు పోటు కోసం కాచుకుని ఉండక్కర్లేదు. డ్రెడ్జింగ్ చేసిన (అడుగు తవ్విన) లోతు ఎంత ఉంటే దాదాపు అంతా ఎప్పుడూ వాడుకోవచ్చు. రేవు నడిపేవాళ్లకు ఇది పెద్ద వరం.

—

తీరరేఖ:
గట్టు గారూ, నైలు ఇసుక సంగతి అద్భుతం. మీరు ఆపిన చోటు నుంచి చమురు దగ్గరికి వస్తాను, ఎందుకంటే బ్రిటిష్ వాళ్లు అంత డబ్బు పోసింది నారింజపళ్ల కోసం కాదు.

ఇరాక్‌లోని కిర్కుక్ నుంచి ఎడారి దాటి రెండు పైపులైన్లు వేశారు. హదీసా దగ్గర అవి చీలతాయి. ఒకటి ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న ట్రిపోలీకి, ఒకటి హైఫాకు. హైఫాది 1935లో మొదలైంది, పొడవు 900 కిలోమీటర్లకు పైనే. దారిలో పంపింగ్ స్టేషన్లకు హెచ్-1, హెచ్-2, హెచ్-3 అని పేర్లు. హైఫాలోని హెచ్ అది. ఈరోజుకీ ఇరాక్ యుద్ధవార్తల్లో హెచ్-3 వైమానిక స్థావరం అని వింటున్నాం, అది ఈ పైపు మిగిల్చిన పేరే.

1939లో రిఫైనరీ వచ్చింది. దాంతో బ్రిటిష్ మధ్యధరా నౌకాదళానికి ఇంధనం దొరికే చోటు హైఫా అయింది. అందుకే 1940లో ఇటలీ విమానాలు ఇక్కడ బాంబులు వేశాయి.

1948లో ఇరాక్ పైపు కట్టేసింది. సౌదీ చమురుకు వేయాలనుకున్న ట్యాప్‌లైన్ కూడా మొదట హైఫాకే అనుకున్నారు, చివరికి 1950లో లెబనాన్‌లోని సైదాకు వెళ్లింది. పట్టాలమనిషి చెప్పిన రెండు రైలు దారులు, ఈ పైపు, అన్నీ రెండేళ్లలో పోయాయి. క్రేన్లు, బెర్తులు, బ్రేక్‌వాటర్ చెక్కుచెదరలేదు. కానీ దమాస్కస్, బాగ్దాద్‌ల రేవు కాస్తా ఒక చిన్న దేశపు రేవు అయిపోయింది.

—

మానస_కె:
అందరూ పట్టాలు, పైపులు అంటున్నారు. అక్కడ మనుషులున్నారు. వాళ్ల గురించి కూడా మాట్లాడాలి కదండీ.

1930లలో ఆ పోర్టులో కళాసీలు ఎవరు? అరబ్బు ఊళ్ల నుంచి భూమి పోగొట్టుకుని వచ్చినవాళ్లు, సిరియాలోని హౌరాన్ నుంచి కూలికి వచ్చినవాళ్లు. రేకుల గుడిసెల్లో బతికేవారు. బ్రిటిష్ పాలన మీద తిరగబడిన మతబోధకుడు ఇజ్జద్దీన్ అల్ కస్సామ్ ఉపన్యాసాలు విన్నది ఎక్కువగా ఈ కూలీలే. ఆయన 1935లో బ్రిటిష్ పోలీసులతో పోరులో చనిపోయాడు. మరోవైపు యూదు కార్మికనాయకుడు అబ్బా హుషీ గ్రీసులోని సాలోనికా వెళ్లి, అక్కడి యూదు కళాసీలను కుటుంబాలతో సహా హైఫాకు తెచ్చాడు. సాలోనికా రేవులో వాళ్లదే ప్రధాన శ్రమ, శనివారం రేవు మూతపడేదట. వెనక ఉండిపోయిన సాలోనికా యూదుల్లో అత్యధికులు 1943లో ఆష్‌విట్జ్‌లో చనిపోయారు. ఓడ మోత మోసే పని తెలిసి ఉండటం కొన్ని కుటుంబాల ప్రాణం కాపాడింది.

1936లో అరబ్బుల సార్వత్రిక సమ్మెతో యాఫా రేవు ఆగిపోయింది. హైఫా ఆగలేదు. రెండు జాతుల కూలీలూ పనిచేసే రేవు కాబట్టి.

1940 నవంబర్ 25. నాజీల నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులను మారిషస్ పంపేయడానికి బ్రిటిష్ వాళ్లు పత్రియా అనే ఓడ ఎక్కించారు. ఓడ కదలకుండా చేయాలని హగానా పెట్టిన బాంబు అనుకున్నదానికంటే బలంగా పేలింది. రేవులోనే ఓడ మునిగి 250 మందికి పైగా చనిపోయారు. 1947 జులైలో ఎక్సోడస్ ఓడలో వచ్చిన 4,500 మందిని ఇదే రేవులో దించి, వేరే ఓడలెక్కించి వెనక్కి పంపారు. చివరికి వాళ్లను చేర్చింది జర్మనీకి.

ఆ తర్వాత 1948 ఏప్రిల్. హగానా ఊరు పట్టుకుంది. అరబ్బు కుటుంబాలు మార్కెట్ దగ్గరి నుంచి రేవు గేటు వైపు పరుగెత్తాయి. పడవల్లో అక్కాకు, లెబనాన్‌కు వెళ్లిపోయాయి. 60 వేలకు పైగా ఉన్న అరబ్బు జనాభాలో కొన్ని వేలమందే మిగిలారు. జూన్ 30న చివరి బ్రిటిష్ సైనికులు అదే రేవు నుంచి ఓడెక్కారు.

ఎనిమిదేళ్లలో ఒకే రేవు కొందరిని లోపలికి రానివ్వలేదు, కొందరిని తిరిగి రాలేనంత దూరం పంపింది. రేవు చరిత్ర అంటే నాకు మొదట కనబడేది ఇదే.

—

పట్టాలమనిషి:
మానస గారూ, ఇది రాసినందుకు ధన్యవాదాలు. సాలోనికా కళాసీల సంగతి నాకు కొత్త.

—

నౌకాధికారి:
మర్చంట్ నేవీలో ఉన్నాను, కంటైనర్ ఓడ మీద హైఫా వెళ్లాను. ఇప్పటి సదుపాయాల గురించి నేను చెబుతాను.

ముందు ఒక మాట. హైఫా అనేది ఇప్పుడు ఒక పోర్టు కాదు, అఖాతంలో పక్కపక్కనే ఉన్న కొన్ని పోర్టులు. బ్రిటిష్ వాళ్లు కట్టిన పాత హార్బర్, దానికి తూర్పున 2010లో వచ్చిన కార్మెల్ టెర్మినల్, ఇవి ఒక కంపెనీవి. అదే 2023 జనవరిలో అదానీ పోర్ట్స్, స్థానిక గాదోత్ సంస్థ చేతికి వచ్చింది. అదానీకి 70 శాతం, ధర సుమారు 118 కోట్ల డాలర్లు, గడువు 2054 దాకా. మన కృష్ణపట్నం, గంగవరం నడిపేది కూడా ఇదే సంస్థ. ఇంకోటి 2021 సెప్టెంబర్‌లో తెరిచిన బేపోర్ట్. దాన్ని షాంఘై పోర్టు సంస్థ 25 ఏళ్లకు తీసుకుంది. అక్కడ బెర్తు లోతు 17 మీటర్లకు పైనే, 400 మీటర్ల పొడవున్న ఓడలు తీసుకుంటారు. ఇవి కాక కిషోన్ దగ్గర ఇజ్రాయెల్ షిప్‌యార్డ్స్ వాళ్ల చిన్న పోర్టు, చమురు జెట్టీలు, 1950లలో కట్టిన దగోన్ ధాన్యం గోదాము. ఆ గోదాము దూరానికి కోటలా కనబడుతుంది, విదేశీ గోధుమ నేరుగా ఓడ నుంచి పీల్చుకుంటుంది.

పాత హార్బర్‌లో ఒక మూల నౌకాదళ స్థావరం. జలాంతర్గాములు అక్కడే ఉంటాయి. అమెరికా నౌకాదళం ఆరో ఫ్లీట్ ఓడలు కూడా తరచూ వచ్చేవి. కాబట్టి చైనా కంపెనీకి బేపోర్ట్ ఇచ్చినప్పుడు అమెరికా గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఒక అఖాతంలో చైనా టెర్మినల్, భారత్ టెర్మినల్, ఇజ్రాయెల్ జలాంతర్గాములు. ప్రపంచంలో ఇలాంటి చోటు ఇంకోటి ఉందని నేననుకోను.

వెళ్లేటప్పుడు తేడా ఏమిటంటే, తీరానికి చాలా దూరంలోనే నేవీ రేడియోలో పిలుస్తుంది. ఎక్కడి నుంచి వస్తున్నావు, సరుకేంటి, సిబ్బంది ఎవరు, అన్నీ అడుగుతుంది. జవాబు తడబడితే కెప్టెన్‌కు టెన్షనే. లోపలికి వచ్చాక ఓడకు దారి చూపే రేవు పైలట్లు, టగ్గులు చాలా చురుకు. ఓడ మీద నుంచి చూస్తే కొండవాలు మీద బహాయీ మతస్థుల తోటలు మెట్లుమెట్లుగా, సరిగ్గా రేవుకు ఎదురుగా ఉంటాయి. సిబ్బంది అందరూ ఫోన్లు బయటికి తీసేది అప్పుడే.

—

సరుకు_రవాణా:
నౌకాధికారి గారూ, భద్రత గురించి కూడా రాయండి. మా దగ్గర బీమా వాళ్లు హైఫా అనగానే యుద్ధ ప్రీమియం అంటారు.

—

నౌకాధికారి:
అండీ, లెబనాన్ సరిహద్దు కొన్ని పదుల కిలోమీటర్లే. 2006లో లెబనాన్‌లోని హిజ్బుల్లాతో జరిగిన యుద్ధంలో రాకెట్లు పడి రేవు మూసేశారు, రైల్వే డిపోలో 8 మంది ఉద్యోగులు చనిపోయారు. రేవు వెనకే రిఫైనరీ, రసాయనాల ఫ్యాక్టరీలు. 12 వేల టన్నుల అమ్మోనియా ట్యాంకు ఒకటి ఉండేది. 2016లో హిజ్బుల్లా నాయకుడు నస్రల్లా దాన్నే గురి పెడతానని బెదిరించాడు. నగరం కోర్టుకెళ్లింది, 2017లో ట్యాంకు ఖాళీ చేయించారు. అది మంచి పని. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణి రిఫైనరీ మీద పడి ముగ్గురు ఉద్యోగులు చనిపోయారు, రిఫైనరీ ఆగిపోయింది. పోర్టు పని మాత్రం సాగింది.

—

విశాఖ_గట్టు:
ఊరి పక్కనే రిఫైనరీ, పక్కనే నేవీ, పక్కనే కంటైనర్లు. 1997 సెప్టెంబర్‌లో హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో మంటలు చూసిన మా విశాఖ వాళ్లకు ఆ అమ్మోనియా ట్యాంకు కేసు చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది. అక్కడ మునిసిపాలిటీయే కోర్టుకు వెళ్లడం నాకు నచ్చింది.

—

సరుకు_రవాణా:
ఇప్పుడు అసలు ప్రశ్న. 2023 సెప్టెంబర్ 9న ఢిల్లీ జీ-20లో భారత్–మధ్యప్రాచ్యం–ఐరోపా కారిడార్ ప్రకటించారు. ముంబై, ముంద్రా నుంచి ఓడలో దుబాయ్ వైపు, అక్కడి నుంచి రైల్లో సౌదీ, జోర్డాన్ మీదుగా హైఫా, మళ్లీ ఓడలో గ్రీసు, ఇటలీ. నాలుగు వారాలకే గాజా యుద్ధం మొదలైంది.

నా అనుభవంలో సరుకు ధర పెరిగేది ప్రయాణంలో కాదు, ఎత్తి దించడంలో. సూయజ్ గుండా వెళ్లే ఓడలో కంటైనర్ ఎక్కితే యూరప్‌లోనే దిగుతుంది. ఈ దారిలో రెండుసార్లు అదనంగా ఎత్తి దించాలి. ఒక పెద్ద ఓడ మోసే 20 వేల పెట్టెలకు ఎన్ని రైళ్లు కావాలో లెక్కేసుకోండి. మామూలు సరుకుకు ఇది నడవదని నా నమ్మకం. మన రైతులు వాడే డెడ్ సీ పొటాష్ కూడా హైఫా నుంచి రాదు, అష్దోద్ నుంచి వస్తుంది, 2023 దాకా ఐలాత్ నుంచి కూడా వచ్చేది.

—

తీరరేఖ:
సూయజ్ తెరిచి ఉన్నంత కాలం మీ లెక్క సరైనదే. కానీ 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో యెమెన్ హూతీ తిరుగుబాటుదారుల దాడులతో ఓడలు ఆఫ్రికా చుట్టి వెళ్లాయి, ఐలాత్ రేవు దాదాపు ఖాళీ అయిపోయింది. అలాంటప్పుడు మందులు, విడిభాగాలు, పాడైపోయే సరుకుకు నేల దారి విలువ వేరు. ఒక చిన్న ఉదాహరణ ఉంది. సిరియా అంతర్యుద్ధంలో రోడ్లు మూతపడితే టర్కీ లారీలు ఓడల మీద హైఫాలో దిగి, బేత్ షెయాన్ దగ్గర సరిహద్దు దాటి జోర్డాన్ వెళ్లాయి. ఎవరూ పెద్దగా ప్రకటించలేదు, అవసరం పడింది, దారి పనిచేసింది.

—

పట్టాలమనిషి:
రైలు వైపు నుంచి ఒక్క వివరం. పాత హిజాజ్ శాఖ నడిచిన లోయలోనే 2016లో హైఫా నుంచి బేత్ షెయాన్ దాకా స్టాండర్డ్ గేజులో కొత్త లైను తెరిచారు, సుమారు 60 కిలోమీటర్లు. అక్కడి నుంచి జోర్డాన్ నది కొద్ది దూరమే. నది అవతల మాత్రం అందుకునే లైను లేదు. జోర్డాన్‌లో ఉన్నది ఇప్పటికీ ఆ పాత 1050 గేజే. అంటే కారిడార్‌కు హైఫా వైపు పని దాదాపు అయిపోయింది. మిగిలింది జోర్డాన్, సౌదీ రాజధానుల్లో తేలాలి.

—

మానస_కె:
ఆ రెండు చోట్లా అది పాలస్తీనా ప్రశ్నతో ముడిపడి ఉంది. సౌదీ ఆ మాట బహిరంగంగానే చెబుతోంది. 1946–48లో దారులు తెగింది ఇంజనీరింగ్ లోపం వల్ల కాదు, ఇప్పుడు కలిసేదీ ఇంజనీరింగ్ ఒక్కదానితో కాదు.

—

సరుకు_రవాణా:
మానస గారితో ఏకీభవిస్తాను, తీరరేఖ గారితో సగమే. అత్యవసర సరుకుకు సరే. కానీ అత్యవసర సరుకు మీద రైల్వే పెట్టుబడి తిరిగి రాదు. ఎవరైనా సౌదీ ఉత్తర రైల్వే సరుకు రేట్లు చూసినవాళ్లుంటే ఇక్కడ పెట్టండి, టన్నుకు లెక్క వేసి చూద్దాం.